స్పృహ తప్పడమంటే తప్పేది ఏది? మత్తు, నిద్ర, కల, అచేతన మనస్సు

అన్వేషి

సభ్యులందరికీ నమస్కారం. గత నెలలో నాకు ఒక శస్త్రచికిత్స జరిగింది. మత్తు ఇచ్చే డాక్టరు గారు ముఖానికి మాస్కు పెట్టి, పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు. ఏడు అన్నంతవరకు గుర్తుంది. ఆ వెంటనే నాకు వినబడిన మొదటి మాట "అయిపోయిందండీ, కళ్లు తెరవండి" అన్నది. ఈ రెండింటి మధ్య రెండున్నర గంటలు గడిచాయని ఇంట్లోవాళ్లు చెబితే నమ్మలేకపోయాను. రాత్రి నిద్రపోయి లేచినప్పుడు ఏ కలా గుర్తు లేకపోయినా ఎంతో కొంత సేపు గడిచిందన్న సంగతి మనసుకు తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. ఆ రెండున్నర గంటలను కత్తిరించి, రెండు కొసలనూ కలిపి కుట్టేసినట్టుంది.

అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆ సమయంలో నాకు ఏ అనుభవమూ లేదా, లేక అనుభవం ఉండి కూడా జ్ఞాపకంలోకి ఎక్కలేదా? వీటిలో ఏది జరిగినా లేచాక నేను చెప్పేది "నాకేమీ తెలియదు" అన్న ఒక్క మాటే కదా. దీనికి తోడు, అచేతన మనస్సు అనేది లోపల ఎప్పుడూ మేలుకొనే ఉంటుందని, అక్కడ డాక్టర్లు మాట్లాడుకున్న మాటలన్నీ నాలో ఎక్కడో నిలిచిపోయి ఉంటాయని, హిప్నాటిజం చేయించుకుంటే అవి బయటికి వస్తాయని దగ్గరి బంధువు ఒకరు గట్టిగా చెబుతున్నారు. ఆ మాట విన్న తరువాత నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

ఈథర్_1846

అన్వేషి గారూ, నేను ఇరవై ఏళ్లుగా మత్తు వైద్యం చేస్తున్నాను. మీరు అడిగిన మొదటి ప్రశ్న మా వృత్తిలో అన్నిటికన్నా కష్టమైనది కాబట్టి కొంచెం విస్తరించి రాస్తాను.

1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఒక రోగికి ఈథర్ ఆవిరి పీల్పించి శస్త్రచికిత్సకు సిద్ధం చేసిన నాటినుంచి చాలాకాలం పాటు మాకు ఉన్న ఆధారం రోగి లేచాక చెప్పే మాట ఒక్కటే. ఈనాడు మేము సాధారణంగా ఒకే మందు ఇవ్వము. నిద్రలోకి పంపడానికి ఒకటి, నొప్పిని అణచడానికి ఒకటి, అవసరమైనప్పుడు కండరాలను సడలించడానికి మరొకటి ఇస్తాము. ఈ మూడవది ఇచ్చినప్పుడు రోగి కదలడం లేదన్న సంగతి ఆయనకు ఎరుక లేదనడానికి సాక్ష్యం కాదు, ఎందుకంటే ఎరుక ఉన్నా చెయ్యి కదపలేరు.

ఈ చిక్కును విప్పడానికి టన్‌స్టాల్ అనే వైద్యుడు 1977లో ఒక సులువైన ఉపాయం వివరించారు. కండరాలను సడలించే మందు ఎక్కించే ముందే ఒక ముంజేతికి రక్తపోటు పట్టీ బిగించి, ఆ మందు ఆ చేతిలోకి చేరకుండా ఆపుతారు. ఒళ్లంతా కదలిక లేకుండా పోయినా ఆ ఒక్క చెయ్యి కదలగలిగే స్థితిలో ఉంటుంది. అప్పుడు రోగి పేరు పెట్టి పిలిచి, "నా మాట వినబడుతుంటే నా చెయ్యి నొక్కండి" అంటారు. 2017లో వెలువడిన ఒక బహుదేశ అధ్యయనంలో 260 మందిలో 4.6 శాతం మంది, శ్వాసగొట్టం వేసిన తరువాత, అలా చెయ్యి నొక్కారు. ఇలా స్పందించినవారిలో చాలామందికి లేచాక ఆ సంగతి గుర్తుండదు. మరోవైపు, "మధ్యలో నాకు మెలకువ వచ్చింది" అని తమంతట తాముగా ఫిర్యాదు చేసినవారిని బ్రిటన్, ఐర్లండ్ దేశాలలో లెక్కించినప్పుడు సుమారు 19,000 మత్తులకు ఒకరు తేలారు. ఆ నివేదిక 2014లో వచ్చింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న పెద్ద ఎడమే మీ ప్రశ్న. స్పందన ఒకటి, జ్ఞాపకం వేరొకటి.

భయపడవద్దు. పిలిస్తే చెయ్యి నొక్కినంత మాత్రాన ఆ మనిషి తప్పకుండా బాధను అనుభవిస్తున్నట్టు కాదు. ఆ స్థితిలో చాలామంది అడిగినదానికి స్పందిస్తారే తప్ప తమంతట తాముగా చెయ్యి కదపరు.

మాండూక్య_విద్యార్థి

ఈ ప్రశ్న మన వేదాంతులు శతాబ్దాలుగా చర్చించినదే కాబట్టి ఆ వైపునుంచి కొంత రాస్తున్నాను. మాండూక్యోపనిషత్తు పన్నెండు మంత్రాలలోనే జాగ్రత్, స్వప్న, సుషుప్తి (మెలకువ, కల, గాఢనిద్ర) అనే మూడు అవస్థలనూ, వాటికి అతీతమైన తురీయాన్నీ నిరూపిస్తుంది. గాఢనిద్రనుంచి లేచినవాడు "సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అంటాడు. అనుభవించనిది జ్ఞాపకం రాదు గనుక, ఆ "ఏమీ తెలియకపోవడాన్ని" సైతం చూసిన సాక్షి ఒకటి సుషుప్తిలోనూ ఉన్నదని అద్వైతుల వాదం. పతంజలి కూడా నిద్రను చిత్తవృత్తులలో ఒకటిగా లెక్కపెట్టాడు గానీ వృత్తులు లేని స్థితిగా చెప్పలేదు.

అయితే అన్వేషి గారు చెప్పినది సుషుప్తిలా లేదు. ఇక్కడ నాకు బ్రహ్మసూత్రాల మూడవ అధ్యాయంలోని "ముగ్ధేఽర్ధసంపత్తిః పరిశేషాత్" అన్న సూత్రం గుర్తుకు వస్తోంది. మూర్ఛపోయినవాడు ఏ అవస్థలో ఉన్నాడన్నదే అక్కడి ప్రశ్న. శంకరులు భాష్యంలో ఒక్కొక్క అవకాశాన్నీ తోసిపుచ్చుతూ వెళతారు. విషయాలు తెలియవు కనుక మెలకువ కాదు, స్పృహే లేదు కనుక కల కాదు, ఊపిరీ వెచ్చదనమూ ఉన్నాయి కనుక మరణమూ కాదు. పోనీ నిద్రా అంటే, నిద్రపోయేవాడి ముఖం ప్రశాంతంగా ఉంటుంది, చేత్తో తట్టితే లేస్తాడు. మూర్ఛపోయినవాడు దుడ్డుకర్రతో కొట్టినా లేవడు. కనుక అది దేనిలోనూ పూర్తిగా చేరని సగం స్థితి అని తేలుస్తారు. చేత్తో తట్టడం, దుడ్డుకర్రతో కొట్టడం అనే ఆ గుర్తులు చూస్తే, ఒక తత్త్వవేత్త రోగి పక్కన కూర్చుని పరిశీలించి రాసినట్టు నాకు అనిపిస్తుంది. మత్తును నిద్ర అని పిలవడం మన అలవాటే గానీ, దాని అసలు చుట్టం మూర్ఛ.

రెప్పలచాటు

మాండూక్య_విద్యార్థి గారూ, మూర్ఛ గురించి మీరు చెప్పినదానితో మత్తు వైద్యులు కూడా ఏకీభవిస్తారనుకుంటాను, ఎందుకంటే లోతైన మత్తులో ఉన్నవారి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల నమోదు) మామూలు నిద్రలో ఉన్నట్టు ఉండదు. కానీ సుషుప్తి వాదం విషయంలో నాకు ఒక అభ్యంతరం ఉంది, అది నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, ఎప్పుడో లేవనెత్తినదే. "ఏమీ తెలియలేదు" అనేది జ్ఞాపకం కావలసిన అవసరం లేదు, అనుమానం, అంటే గుర్తులను బట్టి చేసిన ఊహ, కావచ్చు. లేచాక ఒళ్లు తేలికగా ఉంది, వెలుగు వచ్చింది, మధ్యలో జరిగినది ఒక్కటీ గుర్తు లేదు. వీటినుంచి "సుఖంగా, ఏమీ తెలియకుండా నిద్రపోయాను" అని ఊహించుకుంటున్నామేమో.

దీన్ని తేల్చడానికి నిద్ర పరిశోధకులు మనుషులను రాత్రంతా పదే పదే లేపి, "ఇప్పుడే మీ మనసులో ఏముంది?" అని అడుగుతారు. నేను అటువంటి ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశాను. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ రెప్పల చాటున కళ్లు వేగంగా కదిలే నిద్రను (దీన్నే రెమ్ నిద్ర అంటారు) గుర్తించిన తరువాత, కల అంటే రెమ్ నిద్రే అని కొన్నాళ్లు అందరూ అనుకున్నారు. అది పూర్తిగా నిజం కాదని తేలింది. రెమ్ కాని నిద్రనుంచి లేపినప్పుడు కూడా కొందరు కలలు చెబుతారు, కొందరు ఏమీ లేదంటారు. ఇంకొందరు మాత్రం "ఏదో ఉంది, కానీ అదేమిటో చెప్పలేను" అంటారు. ఈ మూడవ జవాబు విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడిచేది, ఎందుకంటే అనుభవం జ్ఞాపకంనుంచి జారిపోతున్న క్షణాన్ని మేము అక్కడ పట్టుకుంటున్నాము. మరో పది నిమిషాలు ఆగి లేపి ఉంటే ఆ మనిషి కూడా "ఏమీ లేదు" అనే చెప్పేవాడేమో.

స్పందన విషయమూ ఇంతే. తాను కలలో ఉన్నానని కలలోనే తెలుసుకునేవారు కొందరు ఉంటారు. రెమ్ నిద్రలో ఒళ్లంతా కదలిక లేకుండా పోయినా కళ్లు కదులుతాయి గనుక, ముందుగా అనుకున్న ప్రకారం కళ్లను ఎడమకూ కుడికీ తిప్పి నిద్రలోంచి సైగ చేయగలరని 1975లో బ్రిటన్‌లో కీత్ హర్న్, ఆ తరువాత కొన్నేళ్లకు స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబార్జ్ చూపించారు. 2021లో ప్రచురితమైన మరో అధ్యయనంలో నిద్రలో ఉన్న మనిషిని ఎనిమిదిలోంచి ఆరు తీసివేస్తే ఎంత అని అడిగితే, అతను కలలోనే ఆ ప్రశ్న విని, కళ్లను రెండుసార్లు తిప్పి జవాబు చెప్పాడు. బయటినుంచి చూసేవారికి అతను నిద్రపోతున్న మనిషి మాత్రమే.

మౌనరాత్రి

నాకు శాస్త్రం తెలియదు గానీ ఒక అనుభవం ఉంది. మూడు నాలుగేళ్లుగా అప్పుడప్పుడూ తెల్లవారుజామున మెలకువ వస్తుంది, గది అంతా కనబడుతూ ఉంటుంది, కానీ వేలు కూడా కదపలేను. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నట్టు గట్టి నమ్మకం. అరవబోతే గొంతు రాదు. ఈ చర్చలో అందరూ ఎరుక లేకుండా స్పందించడం గురించి, గుర్తు లేకపోవడం గురించి మాట్లాడుతున్నారు. నాకు ఎరుకా ఉంది, జ్ఞాపకమూ ఉంది, స్పందనే లేదు. దీన్ని ఎవరితోనైనా చెప్పుకుంటే వేరే అర్థాలు తీస్తారని ఇన్నాళ్లూ చెప్పలేదు.

రెప్పలచాటు

చెప్పినందుకు కృతజ్ఞతలు. దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. రెమ్ నిద్రలో మెదడు కాండంనుంచి వచ్చే ఆజ్ఞ కండరాలను కదలకుండా ఆపి ఉంచుతుంది. లేకపోతే కలలో పరుగెత్తినప్పుడల్లా మంచం మీదనుంచి దూకేవాళ్లం. మీకు మెలకువ వచ్చిన తరువాత కూడా ఆ పట్టు కొన్ని క్షణాలు సడలడం లేదు, కల కూడా పూర్తిగా తెగడం లేదు. అందుకే కళ్ల ముందు నిజమైన గది, ఆ గదిలో కలలోని మనిషి ఒకేసారి ఉంటారు. వెల్లకిలా పడుకున్నప్పుడు, నిద్ర చాలనప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది. తరచుగా వస్తున్నా, పగలు ఆపుకోలేని నిద్ర వస్తున్నా వైద్యుణ్ణి కలవండి. మీరు చెప్పిన ఆ మూడు ముక్కల పోలిక ఈ చర్చకు చాలా అవసరమైనది.

గవాక్షం

నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. అన్వేషి గారి రెండవ ప్రశ్నను, అంటే అచేతన మనస్సును ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

ముందుగా మాట గురించి ఒక సంగతి. స్పృహ అనే పదానికి సంస్కృతంలో కోరిక అని అర్థం. నిస్పృహ అన్నప్పుడు ఆ పాత అర్థమే ఉంది. తెలుగులో మాత్రం స్పృహ అంటే ఎరుక అయింది. తెలివి తప్పడం, సోయి లేకపోవడం, ఒళ్లు తెలియకపోవడం, మైకం, మగత, పరధ్యానం... మన భాషలో ఇన్ని మాటలున్నా మనం అన్నిటినీ "అచేతనం" అన్న ఒక్క పదంలోకి తోసేస్తున్నాము. పైగా అచేతనం అంటే రాయిలా ప్రాణం లేనిది అనే అర్థం కూడా ఉండటంతో, ఆ పదం వినగానే లోపల ఎక్కడో ఒక చీకటి గది, ఆ గదిలో మరో మనిషి అన్న బొమ్మ మనసులో పడుతుంది. నా ఉద్దేశంలో మీ బంధువు గారు చెప్పినదానికి మూలం ఈ బొమ్మే.

ఎరుకకు అందని మానసిక వ్యాపారం ఉందనడంలో నాకు సందేహం లేదు. 1911లో క్లాపరేడ్ అనే స్విస్ వైద్యుడు, జ్ఞాపకశక్తి పోయిన ఒక రోగితో కరచాలనం చేస్తూ వేళ్ల మధ్య దాచిన గుండుసూదితో పొడిచాడు. ఆమె ఆ సంగతి మరచిపోయింది, కానీ ఆయన మళ్లీ చెయ్యి చాపితే వెనక్కి తీసుకుంది, ఎందుకో సరిగ్గా చెప్పలేకపోయింది. హెన్రీ మొలైసన్‌కు 1953లో మెదడు శస్త్రచికిత్స జరిగాక కొత్త జ్ఞాపకాలు నిలవలేదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీతలు దిద్దే పనిలో ఆయన రోజురోజుకూ మెరుగయ్యారు. ప్రతిరోజూ అది మొదటిసారి చేస్తున్నాననే అనుకునేవారు. 1974లో వైస్‌క్రాంట్జ్, ఆయన సహచరులు వివరించిన రోగికి దృష్టిక్షేత్రంలో ఒక సగం కనబడదు, కానీ అక్కడ పెట్టిన వస్తువు ఎటు ఉందో ఊహించి చూపించమంటే కేవలం యాదృచ్ఛికంగా తగిలే దానికన్నా ఎంతో ఎక్కువ సార్లు సరిగ్గా చూపించేవాడు.

ఈ మూడింటిలోనూ ఏది మిగిలిందో గమనించండి. ఒకచోట చెయ్యి వెనక్కి లాగే జాగ్రత్త, ఒకచోట చేతి నేర్పు, ఒకచోట దిశ తెలియడం. కథ మొత్తాన్నీ చూసి దాచుకుని, సమయం వస్తే చెప్పే వ్యక్తి ఎవరూ లోపల లేరు. అన్నిటినీ నమోదు చేసే అచేతనం అనే భావన ఎంత ఆకర్షణీయమైనదంటే, 1957లో జేమ్స్ వికరీ అనే అమెరికా వ్యాపారి సినిమా తెర మీద కంటికి అందని వేగంతో "పాప్‌కార్న్ తినండి" అని చూపించి అమ్మకాలు పెంచానని ప్రకటిస్తే లోకం నమ్మింది. చెప్పుకోదగ్గ ప్రయోగమేదీ జరగలేదని తరువాత ఆయనే ఒప్పుకున్నాడు, అయినా ఆ కథ నేటికీ తరగతి గదులలో వినబడుతోంది.

అంతర్వాహిని

గవాక్షం గారూ, మీరు ఇచ్చిన ఉదాహరణలు నిజమే, కానీ వాటితో అచేతనాన్ని అలవాట్లు, నేర్పుల స్థాయికి కుదించడం నాకు సమ్మతం కాదు. నేను పదిహేనేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఒకామె ప్రతి ఏడూ ఒకే వారంలో కారణం తెలియకుండా కుంగిపోయేవారు. అది తన చెల్లెలు పోయిన వారమని, మూడవ ఏట మాటల మధ్యలో తేదీ దొర్లినప్పుడు ఆమెకే తట్టింది. ఆమెకు చెల్లెలి మరణం గుర్తుంది, తేదీ గుర్తుంది, ఆ రెండింటికీ తన బాధకూ ఉన్న ముడి మాత్రం ఎరుకలో లేదు. గణితవేత్త పొయంకరే ఎన్నో రోజులు కుస్తీ పట్టి వదిలేసిన సమస్యకు జవాబు, దాని ధ్యాసే లేకుండా బండి ఎక్కడానికి మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో దొరికిందని స్వయంగా రాసుకున్నాడు. అర్థాలను కలిపే పని, పోల్చే పని కూడా మన కంటికి కనబడకుండా జరుగుతోంది. ఫ్రాయిడ్ 1900లో కలల గురించి చెప్పిన వివరాలలో చాలా వాటిని నేను ఒప్పుకోను గానీ, మనకు మనం పూర్తిగా పారదర్శకం కాదన్న ఆయన మూలసూత్రాన్ని వదులుకోలేను.

గవాక్షం

మీరు చెప్పిన ఆమె ఉదాహరణ నన్ను ఆలోచింపజేసింది. అర్థంతో నిండిన పని ఎరుక వెనుక జరుగుతుందని ఒప్పుకుంటున్నాను. నా మాటలో ఆ కుదింపు ఉన్న మాట నిజం. అయితే మీ ఉదాహరణలోనూ ముక్కలన్నీ ఆమెకు తెలిసినవే, కనబడనిది వాటి మధ్య ముడి. ఎరుక లేని సమయంలో జరిగిన సంభాషణ అక్షరం పొల్లుపోకుండా లోపల నిలిచి ఉందనడం దీనికి చాలా దూరం.

అందువల్ల హిప్నాటిజం గురించి నేను గట్టిగా చెప్పవలసి వస్తోంది. హిప్నాటిజం బూటకం కాదు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘం, బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవాజియే సభ్యులుగా, హిప్నాటిజానికి మూలమైన చికిత్స చేసిన వైద్యుడు మెస్మర్ చెప్పిన అయస్కాంత ద్రవం లేదని, పనిచేసేది ఊహాశక్తి అని తేల్చింది. ఆ ఊహాశక్తి నొప్పిని నిజంగానే తగ్గించగలదని ఆ తరువాతి శతాబ్దాల అనుభవం. కానీ జ్ఞాపకాల విషయంలో అదే ఊహాశక్తి ప్రమాదకరం. హిప్నోసిస్‌లో మనిషి ఎక్కువ సంగతులు చెబుతాడు, వాటిలో తప్పులూ పెరుగుతాయి, తాను చెప్పినది నిజమన్న నమ్మకం కూడా పెరుగుతుంది. హిప్నోసిస్ లేకుండానే ఎంత జరగగలదో చూడండి. 1995లో లాఫ్టస్, పిక్‌రెల్ 24 మందికి, వారు చిన్నప్పుడు బజారులో తప్పిపోయారన్న కల్పిత సంఘటనను కుటుంబసభ్యులు చెప్పినట్టుగా చదివిస్తే, సుమారు నాలుగో వంతు మంది దాన్ని పూర్తిగానో కొంతగానో "గుర్తు తెచ్చుకున్నారు". అన్వేషి గారూ, మీరు ఇప్పుడు వెళితే, ఆ గదిలో ఎవరో మిమ్మల్ని గురించి ఏదో అన్నారన్న జ్ఞాపకం మీకు దొరికే అవకాశం ఉంది, అది జీవితాంతం మిమ్మల్ని బాధించవచ్చు, అది జరిగిందో లేదో తేల్చుకునే దారి మాత్రం ఉండదు. దయచేసి వెళ్లవద్దు.

ఈథర్_1846

గవాక్షం గారి హెచ్చరికకు నా మద్దతు. మౌనరాత్రి గారి మాటకు ఒక్కటి జోడిస్తాను. ఎరుక ఉండి స్పందన లేని స్థితి నిద్ర పక్షవాతంతో ఆగిపోదు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, ప్రమాదం తరువాత ఏ స్పందనా లేకుండా ఉన్న 23 ఏళ్ల యువతిని, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ యంత్రంలో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు, తరువాత తన ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగాలు పనిచేస్తాయో ఆమెకూ అవే పనిచేశాయి. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, మంచం పక్కన ఎంత అడిగినా స్పందించని 241 మందిలో 60 మంది మెదడు అటువంటి ఆజ్ఞలను పాటించింది. అది చదివిన రోజు నేను పడుకోలేకపోయాను. నా శిక్షణ కాలంలో అటువంటి రోగుల మంచం దగ్గర నిలబడి, వారు లేనట్టే మేము మాట్లాడుకున్న మాటలు గుర్తుకు వచ్చాయి. ఇప్పుడు ఎంత లోతైన మత్తులో ఉన్నా రోగిని పేరు పెట్టి పిలిచి, ఏమి చేయబోతున్నానో చెప్పి చేస్తున్నాను.

అన్వేషి గారూ, మీకు మత్తు ఇచ్చిన డాక్టరు గారినే అడగండి. ఆ రెండున్నర గంటల నమోదు అంతా వారి దగ్గర ఉంటుంది.

అన్వేషి

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఈ ఉదయం వెళ్లి మత్తు ఇచ్చిన ఆ డాక్టరమ్మ గారిని కలిశాను. ఎంతో ఓపికగా కాగితాలు తీసి చూపించారు. మత్తు లోతును ఈఈజీతో చూస్తూనే ఉన్నారట, మధ్యలో పలచబడిన గుర్తులేవీ లేవు. హిప్నాటిజం ఆలోచన మానుకున్నాను.

మరొక సంగతి కూడా చెప్పారు. "కళ్లు తెరవండి" అని నన్ను మూడుసార్లు పిలిచారట. మొదటిసారి పిలిచినప్పుడే నేను కళ్లు తెరిచానట. రెండవసారి నొప్పిగా ఉందా అని అడిగితే లేదని తల ఊపి, ఎంత సమయం అయిందని నేనే తిరిగి అడిగానట, ఆమె చెప్పారట, నేను సరే అన్నానట. ఇదంతా జరిగి దాదాపు పది నిమిషాల తరువాత మూడవసారి పిలిచినప్పటినుంచే నాకు గుర్తుంది. పైన నేను "మొదటి మాట" అని రాసినది మూడవది. అంతకుముందు ఆమెతో మాట్లాడిన నాకు ఆ పది నిమిషాలూ ఎలా ఉండిందో తెలుసుకోవాలని ఉంది, కానీ అడగడానికి నా దగ్గర ఆమె చెప్పిన మాట తప్ప మరేమీ లేదు.